కళ్ళు ఎవరికి చూపించుకోవాలి? – మూడు వృత్తుల చరిత్ర

మన సంఘం నెలవారీ సమావేశాల్లో డి.ఏ. బకాయిల తరువాత ఎక్కువగా వినిపించేది కళ్ళ మాటే. "చూపు మసకగా ఉంటోంది, జోడు మార్పించాలి" అని ఒకరు అంటారు. "బజారులో కంప్యూటరు పరీక్ష ఉచితంగా చేస్తున్నారు, అక్కడికి వెళ్ళండి" అని పక్కాయన సలహా ఇస్తారు. "అదంతా ఎందుకండీ, పెద్దాసుపత్రికే పోవాలి" అని మూడో ఆయన అంటారు. ముగ్గురూ మన మేలు కోరి చెప్పేవారే. అయితే కళ్ళజోళ్ళ దుకాణం, ఆప్టోమెట్రిస్టు, కంటి డాక్టరు ఒకే పనిని మూడు ధరలకు చేస్తారన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. ఈ అభిప్రాయం వల్ల కొందరికి డబ్బు నష్టం జరిగితే, కొందరికి చూపే పోయింది.

ఆఫీసుల్లో జీవితం గడిపినవాళ్ళం కాబట్టి మనకు ఒక సంగతి చెప్పక్కర్లేదు. తపాలాలో వచ్చిన కాగితం మొదట సరైన సీటుకు చేరాలి. చేరవలసిన సీటుకు చేరకపోతే, అందుకున్న గుమాస్తా ఎంత సమర్థుడైనా దాన్ని పరిష్కరించలేడు. అది తన సీటుకు సంబంధించినది కాదని గుర్తించి పైకి పంపితే అతను మంచి గుమాస్తా. గుర్తించకపోతే ఆ కాగితం అక్కడే పడి ఉంటుంది. కళ్ళ విషయంలోనూ ఇలాగే మూడు సీట్లు ఉన్నాయి. అవి ఒకే రోజున, ఒకే ఉత్తర్వుతో ఏర్పడినవి కావు. ఒక్కొక్కదానికి వేరే పుట్టుక, వేరే చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఎవరి పని ఎంతవరకో మనకే అర్థమవుతుంది. అందుకే ఈ ప్రత్యేక సంచికకు ఈ వ్యాసం రాస్తున్నాను.

శలాక పట్టినవారు

కంటి వైద్యం మన దేశంలో చాలా పాతది. సుశ్రుత సంహితలోని ఉత్తర తంత్రం 76 నేత్రరోగాలను లెక్కించి చెబుతుంది. కన్ను, చెవి, ముక్కు, గొంతులకు సంబంధించిన ఆయుర్వేద విభాగానికి శాలాక్యమని పేరు. శలాక అంటే సన్నని పుల్లలాంటి పనిముట్టు. దాని వల్లనే విభాగానికి ఆ పేరు వచ్చింది. కంట్లో శుక్లం ముదిరి చూపు పోయినవారికి ఆ పనిముట్టుతో కంటిని పొడిచి, తెల్లబడిన కటకాన్ని చూపుకు అడ్డం లేకుండా కిందికి నెట్టేవారు. కటకాన్ని బయటికి తీయడం మాత్రం ఉండేది కాదు. నెట్టిన వెంటనే రోగికి వెలుగు కనిపించేది, ఎదుటి మనిషి ఆకారం తెలిసేది. చూసేవాళ్ళకు అది మహిమలాగే తోచి ఉంటుంది.

తరువాత ఆ విద్య ఊరూరా తిరిగే పొరలు తీసేవాళ్ళ చేతికి వచ్చింది. వాళ్ళు పొర నెట్టి, డబ్బు పుచ్చుకుని, పక్క ఊరికి వెళ్ళిపోయేవారు. చీము పట్టి కన్ను పోయినా, లోపల ఒత్తిడి పెరిగి కన్ను చెడినా అడగడానికి మనిషి ఉండేవాడు కాడు. మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రికి సూపరింటెండెంటుగా పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఇలియట్ అలా చెడిన కళ్ళను ఎన్నో పరీక్షించారు. 1917లో లండన్‌లోని రాయల్ కాలేజీ ఆఫ్ సర్జన్స్‌లో ఈ విషయం మీదే ఉపన్యాసాలు ఇచ్చారు.

ఐరోపాలోనూ పద్ధతి చాలాకాలం ఇదే. శుక్లాన్ని లోపలికి నెట్టకుండా కోసి బయటికి తీసే మార్గాన్ని ఫ్రాన్సుకు చెందిన జాక్ దవియెల్ 1747లో చూపాడు. కంటికి మాత్రమే ప్రత్యేకించిన ఆసుపత్రి లండన్‌లో 1805లో మొదలైంది. ఈజిప్టు యుద్ధం నుంచి సైనికులు పట్టుకొచ్చిన కంటి జబ్బు నగరంలో వ్యాపించడం దానికి ఒక కారణం. ఇప్పుడు మూర్‌ఫీల్డ్స్ అని పిలిచే ఆసుపత్రి అదే. ఆ తరువాత 14 ఏళ్ళకే, 1819లో, ఈస్టిండియా కంపెనీ మద్రాసులో కంటి ఆసుపత్రి పెట్టింది. అదే తరువాత ఎగ్మూరుకు మారింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనివే కదా. కంటి ఆపరేషనంటే మన పెద్దలు రైలెక్కి మద్రాసు వెళ్ళడం అందువల్ల వచ్చిన అలవాటు.

అదే కాలంలో తంజావూరును ఏలిన సరభోజి మహారాజుకు కూడా కంటి వైద్యం మీద ఎంతో ఆసక్తి. ఆయన కాలంలో కంటి రోగులకు చేసిన చికిత్స వివరాలు, కళ్ళ బొమ్మలతో సహా, సరస్వతీ మహల్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. రికార్డు రాసి ఉంచడం విలువ తెలిసిన మనబోటివాళ్ళు తంజావూరు వెళ్ళినప్పుడు తప్పక చూడదగ్గవి అవి.

1884లో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కన్ను మొద్దుబారుతుందని చూపిన తరువాత, రోగి నొప్పితో మెలికలు తిరగకుండా ఆపరేషన్ చేయడం సాధ్యమైంది. ఈ వరుసలో వచ్చినవారే నేటి కంటి డాక్టర్లు. మొదట ఎం.బి.బి.ఎస్. చదివి, ఆ తరువాత కంటి వైద్యంలో ఎం.ఎస్., డి.ఎన్.బి. లేదా డిప్లొమా చేసినవారు. కన్నును మొత్తం శరీరంలో ఒక భాగంగా చూడటం, జబ్బును కనిపెట్టడం, మందు ఇవ్వడం, అవసరమైతే ఆపరేషన్ చేయడం వీరి పని.

అద్దం చేసినవారు

కళ్ళజోడు చరిత్ర వైద్యుల ఇంట్లో పుట్టినది కాదు. అది చేతిపనివారి దగ్గర పుట్టింది. ఇటలీలో గాజుపని బాగా తెలిసిన ప్రాంతంలో, 1286 ప్రాంతాన, మొదటి కళ్ళజోళ్ళు తయారయ్యాయి. 1306లో ఫ్లారెన్స్‌లో ఒక క్రైస్తవ సన్యాసి తన ప్రసంగంలో ఈ విద్య పుట్టి ఇంకా 20 ఏళ్ళు కాలేదని చెప్పినందువల్లే మనకు ఆ కాలం తెలుస్తోంది. అవి చత్వారానికి వాడే ఉబ్బెత్తు అద్దాలు. నలభై దాటిన లేఖకులకు, వర్తకులకు, చేతిపనివారికి మరో ఇరవై ఏళ్ళ పని ఆయుష్షు ఇచ్చినవి. గుమాస్తా వృత్తి వాటికి ఎంత రుణపడి ఉందో మనకు తెలియనిది కాదు.

మన దక్షిణాదిలో కళ్ళజోడు ప్రస్తావన విజయనగర కాలం నాటికే ఉంది. వ్యాసరాయలవారు తాళపత్రం చదివేటప్పుడు కళ్ళకు సాయంగా అద్దాలు వాడినట్టు సోమనాథ కవి రాసిన వ్యాసయోగి చరితంలో ఉందని పరిశోధకులు పి.కె. గోడే చూపించారు. అది సుమారు 1520 నాటి మాట.

ఇంగ్లండులో కళ్ళజోళ్ళు చేసేవారి సంఘానికి 1629లో రాజముద్రతో అధికారపత్రం దొరికింది. అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ దూరానికీ దగ్గరికీ రెండు జోళ్ళు మార్చుకోలేక, రెండు అద్దాలను సగానికి కోసి ఒకే ఫ్రేములో బిగించుకుని వాడుతున్నానని 1785లో ఒక ఉత్తరంలో రాశాడు. మనం బైఫోకల్ అంటున్నది అదే.

ఆ రోజుల్లో కళ్ళజోడు కొనడమంటే చెప్పులు కొన్నట్టే. బుట్టలోంచి ఒక్కొక్కటీ తీసి పెట్టుకుని ఏది బాగా కనిపిస్తే అది తీసుకోవడమే. కన్ను ఎందుకు మసకేసిందన్న ప్రశ్న అక్కడ లేదు, ఏ అద్దంతో కనిపిస్తుందన్నదే ప్రశ్న. ఈ వరుసకు చెందినవారే నేటి ఆప్టీషియన్లు, అంటే మన కళ్ళజోళ్ళ దుకాణదారులు. చీటీలో రాసిన పవరు ప్రకారం అద్దం తయారుచేయించడం, కంటిపాపల మధ్య దూరం కొలిచి అమర్చడం, ముక్కు మీదా చెవుల మీదా జోడు సరిగా కూర్చోబెట్టడం వీరి విద్య. అది తేలిక పని కాదు. ప్రోగ్రెసివ్ అద్దం రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా మెట్లు దిగేటప్పుడు తల తిరుగుతుంది.

మధ్యలో ఏర్పడిన సీటు

పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఈ రెండు వరుసల మధ్యకు విజ్ఞానశాస్త్రం వచ్చింది. 1801లో థామస్ యంగ్ తన కంటిలోనే ఉన్న ఒక వంకర లోపాన్ని వర్ణించాడు. ఇంగ్లండుకు చెందిన జార్జి ఎయిరీ 1825 నాటికి తన కంటికి సిలిండరు అద్దం చేయించుకున్నాడు. మన చీటీలో ఒక గడిలో సిలిండరు అనీ పక్కగడిలో యాక్సిస్ అనీ రాసేది ఈ లోపం కోసమే. 1862లో నెదర్లాండ్స్ డాక్టరు స్నెలెన్ పైన పెద్ద అక్షరంతో మొదలై కిందికి చిన్నవయ్యే చార్టు తయారుచేశాడు. 6/6, 6/12 అనే లెక్క అలా వచ్చిందే. 6/12 అంటే మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఈ కన్ను 6 మీటర్ల దగ్గరికి వస్తేగాని చదవలేదని అర్థం.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది 1851లో జరిగింది. జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపు అనే పరికరాన్ని లోకానికి చూపించాడు. అంతదాకా బతికున్న మనిషి కంటి లోపలి భాగాన్ని ఎవరూ సరిగా చూడలేదు. కంటిపాప నల్లని తలుపులా మూసి ఉండేది. ఈ పరికరంతో ఆ తలుపు తెరుచుకుంది. వెనక ఉన్న రెటీనా, రక్తనాళాలు, మెదడుకు వెళ్ళే దృష్టినాడి మొదలు కనిపించాయి. కొద్ది ఏళ్ళలోనే, గ్లాకోమా జబ్బులో ఆ నాడి మొదలు గుంటలా లోతుపడుతుందని డాక్టర్లు గుర్తించారు. 1857లో ఫాన్ గ్రేఫె ఆ జబ్బుకు ఆపరేషన్ చూపించాడు. కంటి ఒత్తిడిని కొలిచే ష్యోట్జ్ పరికరం 1905లో వచ్చింది. 1911లో గుల్‌స్ట్రాండ్ స్లిట్ ల్యాంపును చూపించాడు. గడ్డం ఆనించి కూర్చోబెట్టి సన్నని వెలుగురేఖతో కన్ను చూసే ఆ యంత్రాన్ని మనమంతా ఎరుగుదుం.

పవరు కొలవడం ఇలా లెక్కలతో కూడిన శాస్త్రమైంది కాబట్టి, దుకాణదారుల్లో చదువుకున్న కొందరు తాము కేవలం అమ్మకందారులం కామన్నారు. న్యూయార్కులో చార్లెస్ ప్రెంటిస్ అనే ఆయన 1890ల్లో కళ్ళు పరీక్షించినందుకు ఫీజు తీసుకోగా, డాక్టర్లు అభ్యంతరం చెప్పారు. అద్దాలకు డబ్బు పుచ్చుకో, పరీక్షకు పుచ్చుకునే అర్హత డాక్టరుకే ఉందన్నారు. ఆ వివాదం చివరికి చట్టసభలకు ఎక్కింది. 1901లో అమెరికాలోని మినెసోటా రాష్ట్రం ఆప్టోమెట్రీని ఒక వృత్తిగా గుర్తిస్తూ మొదటి చట్టం చేసింది. ఇంగ్లండులో అలాంటి చట్టం 1958లో వచ్చింది. మూడో సీటు అలా ఏర్పడింది. ఆప్టోమెట్రిస్టు ఎం.బి.బి.ఎస్. డాక్టరు కాడు, ఆపరేషన్ చేయడు. కాని పవరు కొలవడంలో పూర్తి శిక్షణ పొందినవాడు. కన్ను ఆరోగ్యంగా ఉందో లేదో పరీక్షించి, తేడా కనిపిస్తే డాక్టరుకు పంపవలసినవాడు. ఆ పంపడం అతని వృత్తిధర్మంలో భాగం.

మన దేశంలో

మన దగ్గర ఈ వృత్తుల మధ్య గీత చాలాకాలం అస్పష్టంగానే ఉంది. 1976లో కేంద్ర ప్రభుత్వం అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. డాక్టర్లు చాలరు కాబట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రెండేళ్ళ శిక్షణ పొందిన ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్లను పెట్టారు. మన ప్రాంతంలో ఆఫ్తాల్మిక్ ఆఫీసరు అని పిలిచేది వీరినే. పల్లెల్లో పవరు చూడటం, శుక్లాలు గుర్తించి ఆపరేషన్‌కు పంపడం వీరి పని. అదే 1976లో మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. అప్పటికి ఆయన ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యారు, వయసు 58. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయినా ఆ చేతులతోనే వేలాది ఆపరేషన్లు చేశారు. పెన్షనర్లమైన మనం ఆయన పేరు గర్వంగా చెప్పుకోవచ్చు.

1987లో హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థను స్థాపించారు. మన ఏలూరు ప్రాంతంవాడైన సినీ దర్శకుడు, నిర్మాత ఎల్.వి. ప్రసాద్ విరాళంతో అది వెలసింది. మెహదీపట్నంలోని సరోజినీదేవి ఆసుపత్రి, విశాఖపట్నంలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి ప్రభుత్వపరంగా పేదలకు ఆధారం. ఆప్టోమెట్రీలో నాలుగేళ్ళ డిగ్రీ చదువు 1985లో మద్రాసులో ఎలీట్ స్కూల్ రాకతో గట్టిపడింది.

శుక్లం ఆపరేషన్ కూడా ఈ కాలంలోనే మారింది. 1961లో మా నాయనమ్మకు ఆపరేషన్ చేసినప్పుడు తలకు రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి, కదలకూడదని రోజుల తరబడి పడుకోబెట్టారు. తరువాత సోడాబుడ్డి అద్దాల జోడు ఇచ్చారు. అది తీస్తే ఆమెకు గుమ్మం కూడా తెలిసేది కాదు. కంట్లోనే అద్దం అమర్చే విధానాన్ని లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లోనే మొదలుపెట్టినా, అది సామాన్యుడికి అందుబాటులోకి రావడానికి 1992లో మదురై ఆరోల్యాబ్ తక్కువ ధరకు ఆ అద్దాలు తయారుచేయడం పెద్ద కారణమైంది. 1994 నుంచి 2002 దాకా ప్రపంచబ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో సాగిన శుక్లాల పథకంలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2018 ఆగస్టు 15న తెలంగాణలోనూ, 2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్‌లోనూ కంటివెలుగు పేరుతో ఇంటి దగ్గరి పరీక్షలు మొదలయ్యాయి. మన సభ్యుల్లో చాలామంది ఆ శిబిరాల్లో జోళ్ళు పుచ్చుకున్నవారే.

ఇన్ని జరిగినా, ఆప్టోమెట్రిస్టు ఎవరు అన్నదానికి దేశమంతటికీ వర్తించే చట్టం 2021 దాకా లేదు. ఆ ఏడు పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసి, ఆప్టోమెట్రిస్టులను, ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్లను అందులో చేర్చింది. అంతకు ముందు డిగ్రీ చదివినవాడూ, దుకాణంలో పని చూసి నేర్చుకున్నవాడూ ఒకే రకం తెల్లకోటు వేసుకుని ఒకే రకం బోర్డు కింద కూర్చున్నారు. ఆ అలవాటు ఒక్క చట్టంతో ఒక్కరోజులో పోయేది కాదు. కాబట్టి చూసుకోవలసిన బాధ్యత మన మీదే ఉంది.

చప్పుడు చేయని జబ్బు

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మన వయసులో కన్ను మసకేయడానికి కారణాలు ఒకటి కాదు. శుక్లం అయితే ఆపరేషన్‌తో చూపు తిరిగి వస్తుంది. పవరు అయితే అద్దంతో సరిపోతుంది. గ్లాకోమా అలా కాదు. దీన్నే నీటికాసులు అంటారు. చాలామందిలో దీనికి నొప్పి లేదు, ఎరుపు లేదు. మొదట పక్కచూపు పోతుంది, ఎదుటిచూపు చివరిదాకా నిలిచి ఉంటుంది. గోడమీద చార్టు చదవడానికి కావలసింది ఎదుటిచూపే. అందువల్ల జబ్బు ముదురుతున్న మనిషి కూడా దుకాణంలో కింది వరుస అక్షరాలు చక్కగా చదువుతాడు. ఒకసారి పోయిన చూపు ఏ మందుతోనూ, ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. మిగిలినదాన్ని కాపాడుకోవడమే వైద్యం.

1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ సంస్థ వారు హైదరాబాదులోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ పదివేల మందికి పైగా పరీక్షించి ఒక అధ్యయనం చేశారు. హైదరాబాదులో ఈ నెమ్మది రకం గ్లాకోమా ఉన్నట్టు తేలిన పదిమందిలో తొమ్మిదిమందికి పైగా, తమకు ఆ జబ్బు ఉన్నట్టు అంతకుముందు తెలియనే తెలియదు. వాళ్ళు ఉన్నది కొండకోనల్లో కాదు, ఆసుపత్రులున్న మహానగరంలో.

నాతోపాటు పనిచేసిన ఒక సూపరింటెండెంటు గారి సంగతి చెబుతాను. చాలా పద్ధతైన మనిషి. రిటైరయ్యాక ప్రతి ఏడూ పండక్కి ముందు ఒకే దుకాణంలో కళ్ళు చూపించుకుని జోడు మార్చేవారు. యంత్రంలో చూసేవారు, చార్టు చదివించేవారు, కొత్త జోడుతో అక్షరాలు బాగానే కనిపించేవి. ఇంట్లో మాత్రం గుమ్మాలకు భుజం తగలడం, పక్కనుంచి వచ్చే సైకిలు కనిపించకపోవడం మొదలైంది. వయసు వల్ల అనుకున్నారు. కొడుకు బలవంతం మీద కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఎడమకన్ను దాదాపు పోయింది, కుడికంటికి నడిమి చూపు మాత్రం మిగిలింది. చుక్కల మందుతో ఆ మిగిలినది ఇప్పటికీ నిలబడింది. ఆ దుకాణదారు ఆయన్ని మోసం చేశాడని నేను అనను. అడిగిన పని చేశాడు. నాలుగేళ్ళపాటు ఆ కాగితం సరైన సీటుకు వెళ్ళలేదు, అంతే.

దీనికి ఎదురుగా ఇంకొక సంగతి. మా వదినగారు జోడు పగిలి ఒక చోటికి వెళ్తే, అక్కడున్న ఆప్టోమెట్రిస్టు అమ్మాయి లోపలికి లైటు వేసి చూసి, "అమ్మగారూ, జోడు తరువాత చేయించుకోవచ్చు, ముందు డాక్టరు గారికి చూపించండి" అని చీటీ రాసి ఇచ్చింది. జోడు అమ్ముకునే బేరం వదులుకుని మరీ పంపింది. సుగరు వల్ల రెటీనాలో రక్తపు చుక్కలు కనిపించాయట. సమయానికి లేజర్ చేయడంతో చూపు దక్కింది. కాబట్టి ఆప్టోమెట్రిస్టు అంటే తక్కువగా చూడవలసిన పని లేదు. తన హద్దు తెలిసిన ఆప్టోమెట్రిస్టు కన్నును కాపాడే మొదటి కాపలాదారు.

మరి మనం ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

నాకు తెలిసినంతలో, డాక్టర్లను అడిగి తెలుసుకున్నంతలో, మన వయసువారికి పనికివచ్చే క్రమం ఇది.

అరవై దాటినవారు ఏ ఇబ్బందీ లేకపోయినా ఏడాదికి ఒకసారి కంటి డాక్టరు చేత పూర్తి పరీక్ష చేయించుకోవాలి. పూర్తి పరీక్ష అంటే నాలుగు పనులు జరగాలి. చూపు, పవరు చూడాలి. కంటి ఒత్తిడి కొలవాలి. స్లిట్ ల్యాంపుతో ముందు భాగం చూడాలి. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి రెటీనానూ దృష్టినాడినీ చూడాలి. ఈ నాలుగింటిలో ఏది జరగకపోయినా మర్యాదగా అడగండి. ఒత్తిడి ఎంత ఉందో అడిగి కాగితం మీద రాయించుకోండి. మామూలుగా అది 10 నుంచి 21 మధ్య ఉంటుంది. అయితే 21 లోపల ఉన్నా జబ్బు ఉండవచ్చు కనుక, నాడిని చూడటం మానకూడదు. చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు కనిపించవు, వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటుంది. ఆ రోజు స్కూటరు నడపకండి, మనుమణ్ణో మనుమరాలినో తోడు తీసుకువెళ్ళండి.

సుగరు ఉన్నవారు, తల్లిదండ్రుల్లో గాని తోబుట్టువుల్లో గాని గ్లాకోమా ఉన్నవారు, ఆస్తమాకో కీళ్ళకో స్టెరాయిడ్ వాడుతున్నవారు దీన్ని ఏ ఏడూ తప్పించకూడదు. కన్ను ఎర్రబడితే మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు కొని నెలల తరబడి వేసుకోవడం ప్రమాదం. వాటివల్ల ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు. ఇంట్లో ఒకరికి గ్లాకోమా తేలితే అన్నదమ్ములకూ, అప్పచెల్లెళ్ళకూ, పిల్లలకూ వెంటనే కబురు పెట్టండి.

డాక్టరు పరీక్షలో జబ్బేమీ లేదని తేలాక, కేవలం జోడు మార్పించుకోవడానికి అర్హత ఉన్న ఆప్టోమెట్రిస్టు దగ్గరికి నిశ్చింతగా వెళ్ళవచ్చు. ఆయన డిగ్రీ ఏమిటో అడగడంలో తప్పు లేదు. సుగరు బాగా ఎక్కువగా ఉన్న రోజుల్లో పవరు కొలిపించుకోవద్దు. సుగరు అదుపులోకి వచ్చాక ఆ పవరు మళ్ళీ మారుతుంది, జోడు డబ్బు దండుగ. ఆటోమాటిక్ యంత్రం ఇచ్చిన అంకె ఒక్కటే నమ్మి జోడు చేయించుకోవద్దు. అది మొదటి అంచనా మాత్రమే. అద్దాలు మార్చి మార్చి మనచేత చదివించి సరిచూడాలి. పవరు చీటీ మన సొత్తు. అది పుచ్చుకుని నచ్చిన దుకాణంలో జోడు చేయించుకోవచ్చు.

ఇంకొక మాట. చాలాకాలం జోడు లేనిదే చదవలేనివారు ఉన్నట్టుండి జోడు లేకుండా పేపరు చదవగలిగితే సంతోషించవద్దు. కటకం గట్టిపడి శుక్లం మొదలైందనడానికి అది గుర్తు. ఆరు నెలల్లో రెండుసార్లు పవరు మారినా మూడో జోడు చేయించుకోకుండా డాక్టరుకు చూపించండి.

కొన్ని లక్షణాలకు వాయిదా లేదు. కంట్లో మెరుపులు, ఒక్కసారిగా నల్లచుక్కల వాన, ఒక పక్కనుంచి తెర దిగినట్టు ఉండటం, కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పితో వాంతులు, చూపు ఒక్కసారిగా పోవడం, తిన్నని గీతలు వంకరగా కనిపించడం. వీటికి దుకాణం కాదు, శిబిరం కాదు, అదే రోజు కంటి డాక్టరు. రాత్రయితే పెద్దాసుపత్రి క్యాజువాలిటీ.

బోర్డు మీద ఎం.ఎస్. అని ఉన్నా అది ఏ విభాగంలోదో చదవండి. ఆయుర్వేదంలో శాలాక్యానికి కూడా ఎం.ఎస్. ఉంది. అది వేరే చదువు, వేరే పద్ధతి. ఏది కావాలో తెలిసి వెళ్ళడం మన బాధ్యత.

చివరగా మిత్రులకు ఒక మనవి. ప్రతి పరీక్ష కాగితం తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టుకోండి. ఒత్తిడి ఎంత, పవరు ఎంత, నాడి ఎలా ఉందన్నారు, ఏ చుక్కలు వాడుతున్నారు, అన్నీ అందులో ఉండాలి. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ ఫైలు చూస్తే కన్ను ఏ దిక్కుగా నడుస్తోందో ఆయనకు పది నిమిషాల్లో తెలుస్తుంది. లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చే నవంబరు నెలనే కళ్ళ పరీక్షకూ గుర్తు పెట్టుకుంటే మరుపు ఉండదు. మన సంఘం శాఖలు కూడా ఆ నెలలో ఒక కంటి డాక్టరును పిలిచి, జోళ్ళు పంచడంతో సరిపెట్టకుండా, ఒత్తిడి కొలిచి నాడి చూసే శిబిరం పెడితే ఎంతోమందికి మేలు చేసినవారవుతాయి. అధ్యక్ష, కార్యదర్శులు ఈ సూచనను రాబోయే కార్యవర్గ సమావేశంలో పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.